కరెంటు కబుర్లు: క్యాంపర్‌కి ఏ జనరేటర్?

ఎండాకాలం సెలవులు దగ్గర పడ్డాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగుతున్నారు, ఇంటి పక్కన కవరు కప్పి పెట్టిన క్యాంపింగ్ ట్రెయిలర్లు బయటికొస్తున్నాయి. అందుకేనేమో, ఈసారి ఉత్తరాలన్నీ ఇన్వర్టర్ జనరేటర్ల (లోడ్‌ని బట్టి వేగం మార్చుకునే చిన్న పెట్రోలు జనరేటర్లు) చుట్టూనే తిరిగాయి. సబ్‌స్టేషన్ ఉద్యోగం వదిలేసి కొడుకు దగ్గరికి అమెరికా వచ్చాక నాకూ ఈ ట్రెయిలర్ పిచ్చి పట్టుకుంది కాబట్టి సంతోషంగానే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. సెకండ్ హ్యాండ్‌లో 24 అడుగుల ట్రావెల్ ట్రెయిలర్ కొన్నాం. 30 ఆంప్ ప్లగ్, పైన 13,500 బీటీయూ ఏసీ. జూన్‌లో అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వస్తున్నారు, ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి తీసుకెళ్దామని ప్లాన్. నాన్నకి ఏసీ లేకపోతే నిద్ర పట్టదు. హోండా 2200 వాట్లది సరిపోతుందా? ఇంకా పెద్దది కొనాలా? బడ్జెట్ వెయ్యి డాలర్లు, మహా అయితే ఇంకో వంద.

జవాబు: మీ నాన్నగారికి ఏసీ ఏ ఊళ్లో, ఏ వేళప్పుడు కావాలో ముందు తేల్చుకోండి. జనరేటర్ సైజు దాన్ని బట్టే తేలుతుంది.

ఎల్లోస్టోన్‌లో రాత్రి ఏసీ అక్కర్లేదు. అక్కడి సరస్సు ఒడ్డు సముద్ర మట్టానికి 7,700 అడుగుల పైన ఉంది. జూన్‌లో కూడా రాత్రిళ్లు సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గరికి దిగడం అక్కడ మామూలే. రాజమండ్రి మనిషికి కావలసింది రెండు రగ్గులు, హీటరు. ఒకవేళ ఏసీ కావాలన్నా రాత్రి జనరేటర్ వేయనివ్వరు. జనరేటర్లకు అనుమతి ఉన్న క్యాంప్‌గ్రౌండ్లలో కూడా ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకే. శబ్దం 60 డెసిబెల్స్ దాటకూడదు. అంటే ఎంత పెద్దది కొన్నా నిద్రపోయే వేళకి అది మూగబోవాల్సిందే.

దారిలో మాత్రం ఏసీ తప్పదు. ఫ్రిస్కో నుంచి అమరిల్లో దాటేదాకా జూన్ ఎండ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ రాత్రులకు కరెంటు హుక్‌అప్ ఉన్న ప్రైవేటు ఆర్వీ (ట్రెయిలర్ల లాంటి ఇళ్ల బండ్లు) పార్కులో సైటు బుక్ చేసుకోండి. ప్లగ్ పెట్టామా, ఏసీ వేశామా, పడుకున్నామా, అంతే. ఎల్లోస్టోన్ లోపల కూడా హుక్‌అప్ ఉన్నది ఒక్కటే, ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కు. అది దొరికితే జనరేటర్ గొడవే లేదు. దొరకడం మాత్రం తిరుమలలో బ్రేక్ దర్శనం దొరికినట్టే, నెలల ముందు నుంచీ కాచుకుని కూర్చోవాలి.

ఇక మీరు అడిగిన లెక్క. డబ్బా మీద 2200 అని ఉన్నా అది కొద్దిసేపు ఇవ్వగలిగిన గరిష్ఠం. ఆపకుండా ఇచ్చేది 1800 వాట్లే. 13,500 బీటీయూ ఏసీ నడుస్తున్నప్పుడు 1300 నుంచి 1600 వాట్లు లాగుతుంది. అది ఫర్వాలేదు. చిక్కంతా కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో ఉంది. ఆ అర సెకను పాటు దానికి 3000 వాట్ల దాకా కావాలి. అది అందక జనరేటర్ ఓవర్‌లోడ్ లైటు వెలిగించి చేతులెత్తేస్తుంది.

దీనికి రెండు దారులు. ఏసీకి సాఫ్ట్ స్టార్టర్ పెట్టించడం ఒకటి. అది కంప్రెసర్‌ని మెల్లగా తిప్పి, మొదటి ఊపులో లాగే కరెంటుని సగానికి పైగా తగ్గిస్తుంది. అప్పుడు 2200 వాట్ల మిషన్ ఒక్కటే ఏసీని స్టార్ట్ చేస్తుంది. అయితే ట్రెయిలర్‌లో మరేదీ ఆన్‌లో ఉండకూడదు, ఎకో స్విచ్ (లోడ్ తక్కువైతే ఇంజన్ వేగం తగ్గించేది) ఆఫ్‌లో ఉండాలి, ఊరు ఎత్తున ఉండకూడదు. వందకు పైన ఫారెన్‌హీట్ ఎండలో కంప్రెసర్ ఇంకా ఎక్కువ లాగుతుంది కాబట్టి అప్పటికీ బొటాబొటీ వ్యవహారమే. రెండో దారి, 2200లవి రెండు కొని ప్యారలల్ కేబుల్‌తో కలపడం. రెండూ కలిసి ఆపకుండా 3600 వాట్లు ఇస్తాయి. 120 వోల్టుల్లో 30 ఆంప్స్ అంటే సరిగ్గా అంతే. కాకపోతే మీ బడ్జెట్ మొదటిదానికే అయిపోతుంది. 3500, 4000 వాట్ల ఇన్వర్టర్ ఒక్కటే కొంటే డబ్బు కలిసొస్తుంది కానీ బరువు చూసుకోండి. 2200 హోండా 21 కిలోలు, ఒక చేత్తో ట్రక్కులోంచి దించవచ్చు. ఆ పెద్దవాటికి ఇద్దరు మనుషులు కావాలి.

ఎత్తు సంగతి కూడా చూడండి. ప్రతి వెయ్యి అడుగులకు ఇంజన్ శక్తి సుమారు 3.5 శాతం తగ్గుతుంది. ఎల్లోస్టోన్ సరస్సు దగ్గరికి వెళ్లేసరికి పావు వంతుకు పైగా పోయినట్టే. మీ 1800 అక్కడ 1300. పైగా గాలి పలచబడి పెట్రోలు పాలు ఎక్కువై నల్లపొగ వస్తుంది, ప్లగ్గు మసిబారుతుంది. 5,000 అడుగుల పైన ఎక్కువ రోజులు ఉండేవాళ్లు కార్బ్యురేటర్‌కి హై ఆల్టిట్యూడ్ జెట్ (పెట్రోలు తక్కువ వదిలే సన్న రంధ్రపు ముక్క) వేయించుకుంటారు. వేయిస్తే మాత్రం టెక్సస్ తిరిగొచ్చాక పాత జెట్ మళ్లీ వేయించాలి. లేకపోతే కింది ఊళ్లో పెట్రోలు చాలక ఇంజన్ వేడెక్కి పాడవుతుంది.

మీ ప్రయాణానికైతే నా సలహా 2200 ఒక్కటి. ఏసీ కోసం కాదు, బ్యాటరీ కోసం. చలి రాత్రి ప్రొపేన్ హీటర్ మంట గ్యాసుదే అయినా, ఫ్యాను బ్యాటరీ మీద తిరుగుతుంది, 8 ఆంప్స్ దాకా. రాత్రిలో సగం సేపు తిరిగిందనుకున్నా 30 ఆంప్ అవర్స్ పైగా పోతాయి. 100 ఆంప్ అవర్స్ లెడ్ బ్యాటరీలో వాడుకోదగ్గది సగమే. ఉదయం 8 కాగానే జనరేటర్ వేసి గంటన్నర, రెండు గంటలు చార్జ్ చేయండి. బ్యాటరీ బాగా ఖాళీగా ఉన్నప్పుడే కరెంటు గబగబా తాగుతుంది. 80 శాతం దాటాక చుక్క చుక్కగా తీసుకుంటుంది. ఆ చివరి చుక్కల కోసం మధ్యాహ్నం దాకా ఇంజన్ మోగించడం దండగ, దాన్ని సోలార్ ప్యానెల్‌కి వదిలేయండి.

ప్రశ్న: మాది శాన్ హోసే. ట్రెయిలర్‌తో యోసెమిటీలో అప్పర్ పైన్స్ క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్లాం. 2200 వాట్ల కొత్త జనరేటర్. పెసరట్టులోకి అల్లం పచ్చడి చేద్దామని మిక్సీ వేస్తే చాలు, రెడ్ లైటు వెలిగి కరెంటు పోతోంది. మిక్సీ 550 వాట్లే, అమెరికా వోల్టేజీదే. జనరేటర్ డిఫెక్టా? వెనక్కి ఇచ్చేయమంటున్నారు మావారు.

జవాబు: వెనక్కి ఇవ్వకండమ్మా, జనరేటర్ మంచిదే. మీకు తెలియకుండా ట్రెయిలర్‌లో ఇంకో ముగ్గురు భోజనానికి కూర్చున్నారు.

జనరేటర్ ప్లగ్ పెట్టగానే ట్రెయిలర్ ‘హమ్మయ్య, పార్కు కరెంటు వచ్చింది’ అనుకుంటుంది. ఫ్రిజ్ ఆటోలో ఉంటే గ్యాసు వదిలి కరెంటుకి మారిపోతుంది, అది 300 పైచిలుకు వాట్లు. బ్యాటరీ చార్జ్ చేసే కన్వర్టర్ మరో 700, బ్యాటరీ బాగా దిగి ఉంటే ఇంకా ఎక్కువ. అసలు దొంగ వాటర్ హీటర్. దాని ఎలక్ట్రిక్ స్విచ్ చాలా ట్రెయిలర్లలో బయట, హీటర్ మూత వెనక ఉంటుంది. ఎవరో ఎప్పుడో ఆన్ చేసి వదిలేసి ఉంటారు. ఆ ఎలిమెంట్ ఒక్కటే 1400 వాట్లు. ఈ మూడూ కలిస్తేనే 2400 దాటాయి. నీళ్లు కాగాక హీటర్ తనంతట తాను ఆగుతుంది కాబట్టి కాసేపు అంతా బాగానే ఉన్నట్టుంటుంది. ఎవరో స్నానం చేసి వచ్చాక అది మళ్లీ అందుకుంటుంది, సరిగ్గా అప్పుడే మీరు మిక్సీ వేస్తారు. తిట్లు మిక్సీకి.

ఇలా చేయండి. జనరేటర్ ప్లగ్ పెట్టే ముందే ఫ్రిజ్‌ని గ్యాసు మోడ్‌లో పెట్టండి. వాటర్ హీటర్ ఎలక్ట్రిక్ స్విచ్ ఆఫ్ చేసి, లోపల గ్యాసు స్విచ్ వేయండి. పచ్చడి రుబ్బే నాలుగు నిమిషాలు కన్వర్టర్ బ్రేకర్ కూడా దించేస్తే మరీ మంచిది. ఎకో స్విచ్ ఆఫ్ చేయండి, ఎందుకంటే ఎకోలో ఇంజన్ నిద్రమత్తులో ఉంటుంది, మిక్సీ ఒక్కసారిగా లాగితే వేగం అందుకునేలోపు తడబడుతుంది. జార్ నిండా కుక్కకుండా రెండు విడతలుగా వేసుకుంటే మోటారూ సుఖపడుతుంది.

రెడ్ లైటు వెలిగాక ఇంజన్ మోగుతున్నా కరెంటు రాదు. లోడ్ అంతా తీసేసి రీసెట్ బటన్ నొక్కాలి. ఆ బటన్ లేని మోడల్ అయితే ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయాలి.

ఇండక్షన్ పొయ్యి గురించి మీరు అడగలేదు కానీ తెచ్చుకునే ఉంటారు. ఫుల్‌లో 1800 వాట్లు, అంటే జనరేటర్ మొత్తం దానికే. దోసెలకు గ్యాసు స్టవ్ ఉండగా దాని జోలికెందుకు? మైక్రోవేవ్ మీద 1000 అని రాసి ఉంటే అది వంటకి అందే వేడి, గోడ నుంచి లాగేది 1500 దాకా. రైస్ కుక్కర్ ఒక్కటే మన పాలిట సాధువు, చిన్నది 400, 500లతో సరిపెట్టుకుంటుంది.

యోసెమిటీ క్యాంప్‌గ్రౌండ్లలో హుక్‌అప్పులు ఎక్కడా లేవు. జనరేటర్ ఉదయం 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7 మధ్యే, అదీ పొదుపుగా. పచ్చడి తొమ్మిదింటి లోపు రుబ్బేసుకోండి. మీవారు అలిగితే ఈ పేజీ చూపించండి.

ప్రశ్న: ట్రెయిలర్‌కి మంచి సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటులో తేడా ఉంటే ఆపేసే పరికరం) కొన్నాను. ఆర్వీ పార్కులో బాగా పనిచేస్తోంది. జనరేటర్‌కి పెడితే మాత్రం ‘ఓపెన్ గ్రౌండ్’ అని చూపించి కరెంటు లోపలికి పోనివ్వడం లేదు. భూమిలో రాడ్ దిగ్గొట్టి ఎర్త్ చేశాను, అయినా అంతే. (షార్లట్)

జవాబు: రాడ్ పీకేయండి, పక్క సైటు పిల్లలు తట్టుకుని పడతారు. దాని వల్ల ఈ లోపం పోదు. చిన్న ఇన్వర్టర్ జనరేటర్లలో న్యూట్రల్‌ని, ఎర్త్‌ని లోపల కలపరు, రెండూ విడివిడిగా తేలుతుంటాయి. పార్కు కరెంటులో అవి సర్వీసు ప్యానెల్ దగ్గర కలిసే ఉంటాయి. మీ ప్రొటెక్టర్ వెతికేది ఆ కలయికని. న్యూట్రల్, గ్రౌండ్ పిన్నులను లోపల కలిపేసిన బాండింగ్ ప్లగ్ అని చిన్నది దొరుకుతుంది. జనరేటర్ మీద ఖాళీగా ఉన్న సాకెట్‌లో అది గుచ్చితే లోపం చూపించడం ఆగుతుంది. ఆ ప్లగ్‌ని ఇంటి గోడ సాకెట్‌లోగానీ, పార్కు పెడెస్టల్‌లోగానీ (సైటు దగ్గరి కరెంటు స్తంభం) ఎప్పుడూ పెట్టకండి. దానికి ముదురు రంగు టేపు చుట్టి ‘జనరేటర్‌కి మాత్రమే’ అని రాసి, జనరేటర్ సంచిలోనే ఉంచండి. మాన్యువల్ ఒకసారి చూడండి, కొన్ని మోడళ్లలో లోపలే కలిపి ఉంటారు, వాటికి ఇది అక్కర్లేదు.

ప్రశ్న: క్యాంపింగ్‌లో వాన పట్టుకుంది. జనరేటర్ తడవకుండా మా 2016 ట్రెయిలర్ స్లైడ్‌అవుట్ (పక్కకి జరిగి బయటికొచ్చే గది భాగం) కిందికి జరిపాం. పొగ వాసన ఏమీ రాలేదు. కానీ మా అత్తగారికి తలనొప్పి, వాంతులు. దారిలో తిన్న బర్గర్ పడలేదనుకున్నాం. మర్నాటికి తగ్గింది. అలా పెట్టడం తప్పా? (ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: తప్పే. ఆ పని ఇంకెప్పుడూ చేయకండి. అది బర్గరో కాదో ఇప్పుడు నేను తేల్చలేను గానీ, మీరు రాసినవి కార్బన్ మోనాక్సైడ్ లక్షణాలు కూడా. ఆ వాయువుకి రంగు, వాసన ఉండవు. తలనొప్పి, తల తిరగడం, వాంతులు, నిద్రమత్తు. ప్రయాణం బడలిక అనుకుని పడుకుంటే లేవకపోవచ్చు. జనరేటర్ నడుస్తుండగా ఎవరికైనా ఇలా అనిపిస్తే వెంటనే అందరూ బయటి గాలిలోకి వచ్చి 911కి ఫోన్ చేయాలి. ఇంజన్ ఆపడం, కారణాలు వెతకడం తరవాత.

స్లైడ్‌అవుట్ కింద పెడితే పొగ చక్కగా నేల సందుల్లోంచి, ఫ్రిజ్ వెంట్‌లోంచి లోపలికి వస్తుంది. జనరేటర్ 20 అడుగుల దూరంలో ఉండాలి. సైలెన్సర్ మూతి ట్రెయిలర్ వైపు కాకుండా, పక్కవాళ్ల టెంటు వైపు కూడా కాకుండా తిప్పాలి. గాలి మళ్లితే మీరూ మళ్లించాలి. ట్రెయిలర్‌తో వచ్చిన కేబుల్ 25 అడుగులకు తక్కువ ఉండదు కాబట్టి దూరానికి ఇబ్బంది లేదు. చాలకపోతే 10 గేజ్ 30 ఆంప్ ఎక్స్‌టెన్షన్ కొనండి. గ్యారేజీలో లాంతరుకి వాడే సన్న తీగ పెడితే అది వేడెక్కి కరుగుతుంది.

వానకి నాలుగు వైపులా గాలి ఆడే గొడుగు లాంటి కవర్లు జనరేటర్లకే వేరుగా దొరుకుతాయి. అది లేకపోతే వాన తగ్గేదాకా ఆపేయండి.

ఈ వారంలోనే ఒక పని చేయండి. ట్రెయిలర్‌లో మంచం దగ్గర, నేలకి కాస్త పైన సీఓ (కార్బన్ మోనాక్సైడ్) డిటెక్టర్ ఉంటుంది. దాన్ని విప్పి వెనక తేదీ చూడండి. అవి 5 నుంచి 7 ఏళ్లకు చచ్చిపోతాయి. టెస్ట్ బటన్ నొక్కితే కూత వచ్చినంత మాత్రాన సెన్సార్ బతికి ఉన్నట్టు కాదు. మీ ట్రెయిలర్ 2016దని రాశారు. డిటెక్టర్ మార్చకపోయి ఉంటే అత్తగారు ఆ రాత్రి కాపలా లేకుండానే పడుకున్నారన్నమాట.

ప్రశ్న: హ్యూస్టన్‌లో 2021 ఫిబ్రవరి చలిలో మూడు రోజులు కరెంటు లేక నరకం చూశాం. ఇప్పుడు క్యాంపర్ కోసం 4000 వాట్ల ఇన్వర్టర్ జనరేటర్ కొన్నాను. రెండు వైపులా మగ ప్లగ్ ఉన్న తీగ చేయించుకుని గోడ సాకెట్‌లో పెడితే ఇల్లంతా వెలుగుతుందని ఆఫీసులో ఒకరు చెప్పారు. మెయిన్ ఆఫ్ చేస్తే ప్రమాదం లేదట కదా?

జవాబు: అలాంటి తీగ చేయించి ఉంటే ఇప్పుడే ముక్కలుగా కోసి పారేయండి. ఈ విషయంలో నేను మెత్తగా రాయలేను.

మా డిపార్ట్‌మెంట్లో లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు ఎల్‌సీ తీసుకుంటాడు. అంటే సబ్‌స్టేషన్‌లో లైన్ ఆపి, రిజిస్టర్‌లో రాసి, ‘లైన్ క్లియర్’ ఇచ్చాకే అతను తీగ ముట్టుకుంటాడు. ఆ రిజిస్టర్ మీద సంతకం పెట్టే ఉద్యోగం నాది. కింద ఎవడో ఒకడు తన ఇంట్లో జనరేటర్ వేసి, మెయిన్ దించడం మరిచిపోయాడనుకోండి. ఆ కరెంటు మీటరు దాటి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎదురు పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కి అటూ ఇటూ తేడా తెలియదు. ఇక్కడ 7,200 వోల్టులను తగ్గించి మీ ఇంటికి పంపేదే, మీ జనరేటర్ కరెంటుని అదే లెక్కన పెంచి పై తీగలోకి పంపుతుంది. తుఫాను రాత్రి మీకు కరెంటు తెప్పించడానికి ఎక్కినవాడి చేతిలోకి.

మెయిన్ ఆఫ్ చేస్తే చాలదా అంటారు. చీకట్లో, చలిలో, పిల్లల ఏడుపు మధ్య మీరు మర్చిపోరని గ్యారంటీ లేదు. మీరు లేనప్పుడు ఇంట్లోవాళ్లు వేస్తే? పైగా ఒక వైపు ప్లగ్ ఊడిందంటే బయటికి పొడుచుకున్న పిన్నుల్లో కరెంటు ఉంటుంది, పిల్లల చేతికి అందే ఎత్తులో.

సరైన పద్ధతి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో ఇంటర్‌లాక్ గానీ ట్రాన్స్‌ఫర్ స్విచ్ గానీ పెట్టించడం. మెయిన్ దించితే తప్ప జనరేటర్ బ్రేకర్ లేవదు, మనిషి జ్ఞాపకంతో పని లేదు. మీ క్యాంపర్ జనరేటర్ 120 వోల్టులదే అయితే సెంట్రల్ ఏసీ ఎలాగూ నడవదు. ఆ ఖర్చు వద్దనుకుంటే జనరేటర్ ఇంటికి 20 అడుగుల బయట పెట్టి, మందమైన ఎక్స్‌టెన్షన్ తీగతో ఫ్రిజ్, వైఫై, రెండు లైట్లు, ఒక చిన్న హీటరు నడుపుకోండి. గ్యారేజీలో, తలుపు తెరిచి పెట్టినా సరే, వద్దు. ఆ 2021 చలిలో టెక్సస్‌లో చాలామంది ప్రాణం తీసింది చలి ఒక్కటే కాదు, ఈ పొగ కూడా.

ప్రశ్న: ఈ జనరేటర్ ఇండియా తీసుకెళ్లి భీమవరంలో మా ఇంట్లో పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. ఇది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అక్కడ 230, 50. పైగా ఒకసారి పెట్రోలు పోసిన ఇంజన్‌ని విమానంలో తీసుకెళ్లనివ్వరు. 230 వోల్టులవి అక్కడే దొరుకుతాయి.

ప్రశ్న: అక్టోబర్‌లో పక్కన పెట్టిన జనరేటర్ ఏప్రిల్‌లో తీస్తే స్టార్ట్ అవడం లేదు. తాడు లాగీ లాగీ భుజం పట్టేసింది. (మిన్నియాపాలిస్)

జవాబు: ముందు ఆయిలు చూడండి. ఆయిలు తక్కువున్నా, జనరేటర్ వాలు నేల మీద ఉన్నా సెన్సార్ ఇంజన్‌ని లేవనివ్వదు. అది సరిగ్గా ఉంటే తప్పు పాత పెట్రోలుది. ఇక్కడి పెట్రోల్లో పది శాతం ఇథనాల్ కలుపుతారు, నెలల తరబడి నిలవుంటే జిగురులా మారి కార్బ్యురేటర్‌లోని సన్న రంధ్రాలని మూసేస్తుంది. ట్యాంకు ఖాళీ చేయండి. కార్బ్యురేటర్ అడుగున డ్రెయిన్ స్క్రూ ఉంటుంది, అది విప్పి లోపలిది ఒక గాజు సీసాలోకి పట్టండి. పచ్చగా, వార్నిష్ వాసనతో వస్తే సంగతి తేలినట్టే. కొత్త పెట్రోలు పోసి చోక్ పూర్తిగా లాగి ప్రయత్నించండి. స్టార్ట్ అయినా చోక్ వేసి ఉంచితేనే నడుస్తూ, తీయగానే ఆగిపోతుంటే జెట్ మూసుకుంది, విప్పి కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టాలి. ఈసారి అక్టోబర్‌లో పెట్టేముందు పెట్రోలు వాల్వు మూసి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడవనివ్వండి. ప్రొపేన్ మీద కూడా నడిచే డ్యూయల్ ఫ్యూయల్ మోడల్ అయితే చివరి ట్రిప్పు గ్యాసు మీద నడిపితే సరి, కాస్త పవర్ తగ్గుతుంది గానీ కార్బ్యురేటర్ శుభ్రంగా ఉంటుంది. భుజానికి మాత్రం ఆవిరి కాపడం పెట్టించుకోండి.